పాత పెట్రోల్ ట్రాక్టర్‌లో ఇగ్నిషన్ టైమింగ్ తేడా: ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

ట్రాక్టర్ లోడ్ మీద నీరసపడుతోందనో, స్టార్టింగ్ హ్యాండిల్ ఎదురు తన్నుతోందనో అనిపించగానే చాలామంది ముందుగా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా స్పార్క్ పంచే భాగం) క్లాంప్ బోల్టు వదులు చేసి అటూ ఇటూ తిప్పి చూస్తారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. బిగించిన బోల్టు బిగించినట్టే ఉంటే టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్క్ పడే క్షణం, దానంతట అది జరిగిపోదు. జరిగిందంటే లోపల ఏదో అరిగి ఉండాలి, లేదా ఇరుక్కుని ఉండాలి, లేదా ఎవరో విప్పి తప్పుగా బిగించి ఉండాలి. ఆ కారణాన్ని వదిలేసి డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పితే ఇవాళ బాగానే నడుస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ప్లగ్గులతో నడిచే పెట్రోల్, కిరోసిన్ ట్రాక్టర్ల గురించి. ఫోర్డ్ 8ఎన్, ఫెర్గూసన్ టీఈ20, ఫార్మాల్ హెచ్ లాంటివన్నమాట. డీజిల్ ఇంజన్‌లో చూడాల్సింది ఇంజెక్షన్ టైమింగ్. దాని లెక్క పూర్తిగా వేరు.

ముందు జాగ్రత్తలు

గేరు న్యూట్రల్‌లో పెట్టండి, చక్రాలకు అడ్డం పెట్టండి, పీటీఓ ఆపండి. బ్యాటరీ ఇగ్నిషన్ అయితే ఇంజన్‌ను చేత్తో తిప్పే ముందు స్విచ్ ఆఫ్ చేస్తే చాలు. మాగ్నెటో (తానే కరెంటు పుట్టించి స్పార్క్ ఇచ్చే పరికరం) ఉన్న ఇంజన్ మీద మాత్రం ఆ నమ్మకం పెట్టుకోకండి. దానికి బ్యాటరీ అక్కర్లేదు. పైగా మాగ్నెటోను ఆపేది కరెంటు తీసేయడం వల్ల కాదు, దాన్ని ఎర్త్ చేయడం వల్ల. ఆ కిల్ వైరు ఎక్కడో తెగి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా స్పార్క్ వస్తుంది. నెమ్మదిగా తిప్పినా ఇంపల్స్ కప్లింగ్ (స్టార్టింగ్‌లో మాగ్నెటోను కాసేపు పట్టి ఒక్కసారిగా తిప్పే స్ప్రింగు భాగం) టక్కున వదిలి ప్లగ్గును వెలిగించగలదు. అందుకని ప్లగ్గు వైర్లు తీసి పక్కన పెట్టాకే హ్యాండిల్ పట్టుకోండి.

హ్యాండిల్ వేసి స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, హ్యాండిల్‌ను చుట్టి పట్టుకోకూడదు. పైకి లాగాలి, కిందికి తొక్కకూడదు. టైమింగ్ ముందుకు జరిగిన ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగిపోతుంది. టైమింగ్ మీద అనుమానం ఉన్నంతసేపు ప్లగ్గులు తీసి తిప్పడమే తప్ప, హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే ప్రయత్నం అసలు వద్దు.

ఇది టైమింగ్ గొడవేనా?

స్పార్క్ మరీ ముందుగా పడితే, అంటే అడ్వాన్స్ ఎక్కువైతే, తెలిసేది స్టార్ట్ చేసేటప్పుడే. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా బిగుసుకున్నట్టు ఆగి మళ్లీ తిరుగుతుంది, లేదా హ్యాండిల్ తన్నుతుంది. నడిచేటప్పుడు లోడ్ పడగానే లోపల సుత్తితో కొట్టినట్టు టకటక శబ్దం వస్తుంది. ఈ శబ్దంతో అలాగే పని చేయిస్తే పిస్టన్లు, బేరింగులు దెబ్బతింటాయి.

స్పార్క్ ఆలస్యమైతే లక్షణాలు ఇంత గట్టిగా ఉండవు. అందుకే చాలా ట్రాక్టర్లు ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంటాయి. తేలిగ్గా స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో నిదానంగా ఉంటుంది, దున్నడం మొదలుపెట్టగానే చచ్చుబడుతుంది. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. మంట పిస్టన్‌ను నెట్టడానికి బదులు ఎగ్జాస్ట్ వాల్వ్ దాటి వెళ్లేదాకా మండుతూనే ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్ విపరీతంగా కాలుతుంది, రేడియేటర్ మరుగుతుంది, సైలెన్సర్‌లో పేలుళ్లు వస్తాయి.

ఇవే లక్షణాలు వేరే కారణాల వల్ల కూడా రావచ్చు. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకైనా, కార్బురేటర్ జెట్ మూసుకుపోయినా లోడ్‌లో బలం తగ్గుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ క్లియరెన్స్ లేకుండా బిగుసుకుంటే కంప్రెషన్ పోతుంది. మూసుకుపోయిన రేడియేటర్‌కు టైమింగ్‌తో సంబంధమే లేదు. కాబట్టి కంప్రెషన్, వాల్వ్ క్లియరెన్స్, పెట్రోల్ ధారాళంగా రావడం, ఈ మూడూ ముందు చూసుకోండి. ఇవి సరిగ్గా లేని ఇంజన్‌కు టైమింగ్ పెట్టినా తేడా ఏమీ కనిపించదు.

ఇంకొక్క మాట. నిన్నటిదాకా బాగా నడిచి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పిన తర్వాతే తేడా వచ్చిందా? అయితే ముందు ప్లగ్గు వైర్ల వరస చూడండి. ఫోర్డ్ 8ఎన్‌లో వరస 1-2-4-3. ఫెర్గూసన్ టీఈ20, ఫార్మాల్ హెచ్‌లలో 1-3-4-2. ఒకదానికి అలవాటుపడిన చెయ్యి రెండోదానికి అదే వరసలో వైర్లు పెట్టేయడం మామూలే.

అడుగు 1: పాయింట్ల గ్యాప్

టైమింగ్ పని మొదలయ్యేది ఇక్కడే, ఎందుకంటే పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతుండే రెండు లోహపు మొనలు) విడిపోయిన క్షణమే స్పార్క్ పడే క్షణం. గ్యాప్ ఎక్కువైతే క్యామ్ (డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది కొనలున్న ముక్క) వాటిని తొందరగా విడదీస్తుంది, టైమింగ్ ముందుకు జరుగుతుంది. గ్యాప్ తగ్గితే ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. అందుకే గ్యాప్ పెట్టాకే టైమింగ్ పెట్టాలి. టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకున్నారంటే పని మళ్లీ మొదటినుంచి.

పాత ట్రాక్టర్లలో టైమింగ్ వెనక్కి పోవడానికి నేను మొదట అనుమానించేది పాయింట్ల రబ్బింగ్ బ్లాక్‌నే. క్యామ్ మీద రుద్దుకునే ఆ చిన్న ముక్క అరిగేకొద్దీ గ్యాప్ మూసుకుపోతూ వస్తుంది. క్యామ్ మీద గ్రీజు లేకుండా నడిపితే ఇంకా త్వరగా అరుగుతుంది.

క్యాప్, రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు స్పార్క్ అందించే ముక్క) తీసి, రబ్బింగ్ బ్లాక్ సరిగ్గా క్యామ్ కొన మీదకు వచ్చేదాకా ఇంజన్ తిప్పండి. ఫీలర్ గేజ్ తేలిగ్గా తగులుతూ జారాలి, పాయింట్లను నెట్టకూడదు. 8ఎన్‌లో డిస్ట్రిబ్యూటర్ ముందువైపు ఉండే మోడల్‌కు గ్యాప్ 0.015 అంగుళాలు (0.38 మి.మీ.), పక్కన ఉండే తర్వాతి మోడల్‌కు 0.025 అంగుళాలు (0.64 మి.మీ.). ఫార్మాల్ హెచ్‌కు వచ్చే హెచ్-4 మాగ్నెటోకు 0.013 అంగుళాలు (0.33 మి.మీ.). పేరు ఒకటే అయినా లెక్క ఒకటి కాదు. మీ దగ్గరున్నది ఏ డిస్ట్రిబ్యూటరో చూసుకుని దాని మాన్యువల్ అంకెనే పెట్టండి.

వాడిన పాయింట్ల మీద ఒకవైపు గుంట, రెండోవైపు బొడిపె ఉంటే ఫీలర్ గేజ్‌ను నమ్మకండి. గేజ్ బొడిపెకు తగిలి ఆగుతుంది, అసలు గ్యాప్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అలాంటి పాయింట్లను అరగదీస్తూ కూర్చోవడం కంటే మార్చేయడం మేలు. గుంట పెద్దదిగా, త్వరత్వరగా పడుతుంటే కండెన్సర్‌ను (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు తగ్గించే చిన్న భాగం) కూడా అనుమానించండి. కొత్త పాయింట్లయినా మధ్యలో శుభ్రమైన అట్టముక్క ఒకటి పెట్టి లాగండి. ప్యాకింగ్‌లో అంటిన నూనె పొర చాలు, స్పార్క్ రాకుండా చేయడానికి.

ఇప్పుడు గ్యాప్‌ను ఒక్క కొన దగ్గరే కాకుండా నాలుగు క్యామ్ కొనల దగ్గరా కొలవండి. తేడా బాగా కనిపిస్తే షాఫ్ట్ వంగి ఉండాలి, లేదా బుష్ అరిగి ఉండాలి. షాఫ్ట్‌ను పక్కలకు ఊపుతూ పాయింట్లను చూడండి. ఊపినప్పుడు గ్యాప్ తెరుచుకుని మూసుకుంటోందంటే బుష్ పోయినట్టే. అలాంటి డిస్ట్రిబ్యూటర్‌కు ఎవరూ టైమింగ్ పెట్టలేరు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో టైమింగ్ వస్తుంది, స్పీడు మారితే అదీ మారుతుంది. ముందు బుష్‌లు మార్పించండి.

అడుగు 2: ఒకటో సిలిండర్ టీడీసీ

టీడీసీ అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో ఆవృత్తిలో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. మనకు కావాల్సింది కంప్రెషన్‌లో పైకొచ్చినప్పటి స్థానం. ఒకటో ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు గట్టిగా పెట్టి, ఇంకొకరిని నెమ్మదిగా తిప్పమనండి. గాలి వేలిని తోసేసిందంటే అది కంప్రెషన్. అక్కణ్నుంచి గుర్తు వచ్చేదాకా తిప్పాలి. ఇంపల్స్ కప్లింగ్ ఉన్న ఇంజన్ అయితే దాదాపు అదే చోట మాగ్నెటో టక్కుమంటుంది.

గుర్తు ఎక్కడుంటుందనేది మోడల్‌ను బట్టి మారుతుంది. కొన్నింటికి క్రాంక్ పుల్లీ మీద, కొన్నింటికి ఫ్లైవీల్ మీద ఉంటుంది. ఫ్లైవీల్ మీదైతే హౌసింగ్‌కు ఉన్న చిన్న మూత జరిపి చూడాలి. జాన్ డీర్ రెండు సిలిండర్ల ట్రాక్టర్లకు ఫ్లైవీల్ మీద 'ఎల్‌హెచ్ ఇంపల్స్' అని చెక్కి ఉంటుంది. ఎడమ సిలిండరే వాటికి ఒకటో సిలిండర్. ఏళ్లనాటి మసి, తుప్పు కింద ఈ గుర్తు కనిపించదు. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, సుద్దముక్క రుద్ది గీతను తెల్లగా చేసుకోండి.

పుల్లీ ఎప్పుడో మార్చి ఉంటే దాని గుర్తు అబద్ధం చెప్పొచ్చు. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌లో దీన్ని తేల్చుకోవడం తేలికే. పాత ప్లగ్గు పింగాణీ తీసేసి, దాని ఒంట్లో ఒక బోల్టు బిగించి పిస్టన్ స్టాప్ చేసుకోండి. అన్ని ప్లగ్గులూ తీసి, స్టాప్ బిగించి, పిస్టన్ దానికి తగిలేదాకా చేత్తో మెల్లగా తిప్పి పుల్లీ మీద గీత గీయండి. తర్వాత వ్యతిరేక దిశలో తగిలేదాకా తిప్పి ఇంకో గీత. రెండు గీతల సరిగ్గా మధ్యది అసలు టీడీసీ. సెల్ఫ్ మోటారుతో మాత్రం ఈ పని చేయకండి, పిస్టన్‌కు రంధ్రం పడుతుంది. 8ఎన్ లాంటి సైడ్ వాల్వ్ ఇంజన్లకు ఈ చిట్కా వద్దు, వాటిలో ఫ్లైవీల్ గుర్తునే నమ్మాలి.

డిగ్రీల గీతలు లేకపోతే మీరే పెట్టుకోవచ్చు. పుల్లీ చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక డిగ్రీ ఎంతో వస్తుంది. 150 మి.మీ. వ్యాసమున్న పుల్లీకి చుట్టుకొలత 471 మి.మీ., డిగ్రీకి సుమారు 1.3 మి.మీ. అంటే టీడీసీకి 4 డిగ్రీల ముందు అంటే గీతకు 5 మి.మీ. పైచిలుకు దూరం. ఎటువైపు గీయాలో తికమకగా ఉంటే ఇలా గుర్తుపెట్టుకోండి: ఇంజన్ తిరుగుతున్నప్పుడు పాయింటర్ దగ్గరికి టీడీసీ గీత కంటే ముందు వచ్చేదే అడ్వాన్స్ గీత.

అడుగు 3: ఇంజన్ ఆపి, బల్బుతో టైమింగ్

ఇది బ్యాటరీ ఇగ్నిషన్ ఉన్నవాటికే. బ్యాటరీ ఎంత వోల్టుదో అంత వోల్టు బల్బు తీసుకోండి. ఈ ట్రాక్టర్లలో చాలావాటికి మొదట వచ్చింది 6 వోల్టులే, తర్వాత 12కు మార్చినవి బోలెడు. బల్బు ఒక వైరు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కు, రెండోది ఇంజన్ బాడీకి పెట్టండి. స్విచ్ ఆన్ చేశాక పాయింట్లు కలిసి ఉంటే బల్బు వెలగదు, విడిపోగానే వెలుగుతుంది.

1. ప్లగ్గులన్నీ తీసేయండి, చేత్తో తిప్పడం సులువవుతుంది.
2. గుర్తుకు కాస్త ముందు నుంచి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ రండి. దాటిపోతే అక్కణ్నుంచే వెనక్కి తేవద్దు. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి. గేర్ల మధ్య ఉన్న ప్లే ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి.
3. బల్బు వెలిగిన చోటే ఆపి గుర్తు చూడండి. మాన్యువల్ చెప్పిన గీత పాయింటర్ ఎదురుగా ఉంటే టైమింగ్ సరిగ్గా ఉన్నట్టు.
4. లేకపోతే ఇంజన్‌ను ఆ గీత దగ్గర నిలిపి, క్లాంప్ వదులు చేసి, బల్బు అప్పుడే వెలిగే చోటికి డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి బిగించండి.
5. మళ్లీ ఒకసారి తిప్పి చూడండి. బోల్టు బిగించేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ కాస్త జరుగుతూ ఉంటుంది.

పని కాగానే స్విచ్ ఆపండి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు స్విచ్ ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది.

ఎటు తిప్పాలనేదానికి సూత్రం ఒకటే: రోటర్ తిరిగే దిశకు ఎదురుగా బాడీని తిప్పితే అడ్వాన్స్, రోటర్‌తో పాటు తిప్పితే రిటార్డ్, అంటే స్పార్క్ ఆలస్యం. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఇక్కడ 1 డిగ్రీ జరిపితే క్రాంక్ దగ్గర 2 డిగ్రీలు మారుతుంది. అందుకే వెంట్రుకవాసి కదిలించినా తేడా తెలుస్తుంది.

ఎంత తిప్పినా గుర్తు అందకపోతే బలవంతం చేయకండి. డిస్ట్రిబ్యూటర్‌ను ఒక పన్ను తేడాగా దించి ఉంటారు, లేదా ఎగ్జాస్ట్ స్ట్రోక్ టీడీసీ దగ్గర పెట్టి ఉంటారు. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీ దగ్గర ఉన్నప్పుడు రోటర్ క్యాప్‌లో ఏ టెర్మినల్‌ను చూస్తోందో అదే ఒకటో ప్లగ్గు వైరు చోటు. మిగతావి రోటర్ తిరిగే దిశలో ఫైరింగ్ ఆర్డర్ (పైన చెప్పిన వరస) ప్రకారం పెట్టుకుంటూ రావాలి.

ముందువైపు డిస్ట్రిబ్యూటర్ ఉన్న 8ఎన్‌కు ఈ తిప్పడాలేవీ లేవు. అది ఇంజన్ ముందు భాగానికి బోల్టులతో బిగి ఉంటుంది. షాఫ్ట్ చివరి నాలుక మధ్యకు కాకుండా పక్కకు ఉంటుంది కాబట్టి తలకిందులుగా కూడా ఎక్కదు. దాన్ని విప్పి బల్ల మీద పెట్టే టైమింగ్ చూస్తారు. నాలుక వెడల్పు వైపు అంచుకు స్కేలు ఆనించి షాఫ్ట్ తిప్పినప్పుడు, పాయింట్లు సరిగ్గా విడే క్షణంలో ఆ స్కేలు బోల్టు రంధ్రం బయటి అంచు నుంచి పావు అంగుళం దూరంలో ఉండాలి. చీకట్లో, ఫ్యాన్ వెనక వేళ్లు దూర్చి ఇంజన్ మీదే చేయాలని చూడకండి. విప్పడమే తక్కువ పని.

మాగ్నెటోకు బల్బు బదులు చెవి ఉపయోగపడుతుంది. నెమ్మదిగా తిప్పినప్పుడు ఇంపల్స్ టక్కుమనే చోటు చూడండి. ఫార్మాల్ హెచ్‌లో అది టీడీసీ గుర్తు దగ్గర వదలాలి. గుర్తు దాటాక వదిలితే మాగ్నెటో బాడీని తిరుగుడుకు ఎదురుగా, ముందే వదిలితే తిరుగుడుతో పాటు కొద్దిగా జరపండి. టక్కుమనే శబ్దమే లేకపోతే లోపలి పాల్స్ (పట్టి వదిలే చిన్న కొక్కేలు) నూనె మడ్డికి అతుక్కుని ఉంటాయి, లేదా స్ప్రింగ్ విరిగి ఉంటుంది. అప్పుడు స్టార్ట్ చేసే వేగంలో కూడా పూర్తి అడ్వాన్స్ పడి హ్యాండిల్ దారుణంగా తన్నుతుంది. ఇది జరపడంతో తీరే తేడా కాదు, మాగ్నెటో విప్పాల్సిందే.

అడుగు 4: నడుస్తుండగా టైమింగ్ లైట్‌తో

బల్బుతో పెట్టినది ఐడిల్ దాకా సరిపోతుంది. లోడ్‌లో ఏం జరుగుతోందో చెప్పేది టైమింగ్ లైటే. ఇప్పటి లైట్లు 12 వోల్టులవి. ట్రాక్టర్ 6 వోల్టులదైనా, పాజిటివ్ ఎర్త్‌దైనా ఏం ఫర్వాలేదు. లైట్‌ను విడిగా పెట్టిన 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి, ఒకటో ప్లగ్గు వైరుకు క్లిప్ పెట్టండి, అంతే. ట్రాక్టర్ వైరింగ్‌తో దానికి సంబంధమే లేదు. ఒక్క హెచ్చరిక: ఆ వెలుగులో తిరుగుతున్న ఫ్యాన్ కూడా కదలకుండా నిలబడ్డట్టు కనిపించొచ్చు. వదులు చొక్కా, కండువా తీసేసి, చెయ్యి ఎక్కడుందో చూసుకుంటూ పని చేయండి.

ఇంజన్ వేడెక్కాక, మాన్యువల్ చెప్పిన ఐడిల్ వేగంలో గుర్తు చూడండి. తర్వాత థ్రాటిల్ నెమ్మదిగా పెంచండి. గుర్తు అడ్వాన్స్ వైపు మెల్లగా జరుగుతూ పోయి ఒక చోట నిలవాలి. ఎందుకంటే 450 ఆర్‌పీఎమ్ దగ్గర క్రాంక్ ఒక మిల్లీసెకనులో 2.7 డిగ్రీలే తిరుగుతుంది, 1500 దగ్గర 9 డిగ్రీలు తిరుగుతుంది. మంట వ్యాపించే సమయం మాత్రం ఆ లెక్కన తగ్గదు. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు రావాలి. ఆ పని చేసేవి డిస్ట్రిబ్యూటర్‌లోని వెయిట్లు, స్ప్రింగులు.

గుర్తు అసలు కదలకపోతే వెయిట్లు ఎండిపోయిన గ్రీజులో ఇరుక్కున్నాయి. ఐడిల్‌లో టైమింగ్ కరెక్ట్, లోడ్‌లో చచ్చుబాటు అనే ఫిర్యాదుల్లో దీన్నే ముందు చూడాలి. ఇంజన్ ఆపి రోటర్‌ను తిరిగే దిశలో వేలితో మెలితిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే విప్పి, కడిగి, పలచటి నూనె చుక్క వేయండి. కొంచెం వేగం పెంచగానే గుర్తు ఎగిరి చివరికి చేరితే స్ప్రింగు విరిగింది, లేదా సాగింది. గుర్తు ఒకచోట నిలవకుండా గంతులు వేస్తోందంటే మళ్లీ ఆ బుష్ సంగతే, లేకపోతే టైమింగ్ గేర్ల అరుగుదల.

డిస్ట్రిబ్యూటర్ నిక్షేపంగా ఉండి, ఇంజన్ ఓవర్‌హాల్ తర్వాతే ఈ తంటా మొదలైతే క్యామ్ గేరు ఒక పన్ను తప్పి ఉండొచ్చు. అప్పుడు వాల్వ్ టైమింగ్ కూడా తప్పుతుంది కాబట్టి డిస్ట్రిబ్యూటర్ ఎంత జరిపినా బలం రాదు. ముందు కవర్ విప్పి గేర్ల మీది గుర్తులు కలిశాయా లేదా చూడటం తప్ప దారి లేదు.

లోడ్ మీద చివరి పరీక్ష

మాన్యువల్ అంకె పెట్టాక ట్రాక్టర్‌ను పనిలో పెట్టి చూడండి. లోడ్ పడగానే టకటక వినిపిస్తే 1, 2 డిగ్రీలు వెనక్కి తగ్గించండి. కిరోసిన్‌తో నడిచే ఇంజన్లలో ఇది త్వరగా వస్తుంది, కిరోసిన్‌కు ఆక్టేన్ చాలా తక్కువ. పెట్రోల్‌తో నడిచే పాత ఇంజన్ల కంప్రెషన్ తక్కువ కాబట్టి ఇప్పటి పెట్రోల్‌తో అంత సులువుగా నాకింగ్ (ఆ టకటక) రాదు. శబ్దం లేదు కదా అని అడ్వాన్స్ పెంచుకుంటూ పోవడం మాత్రం సరికాదు. చెవికి వినపడే ముందే స్టార్టింగ్ మొండికేస్తుంది.

కొత్త పాయింట్లు వేసి ఉంటే క్యామ్ మీద చిటికెడు డిస్ట్రిబ్యూటర్ గ్రీజు పెట్టండి. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. కొన్ని గంటల పని తర్వాత గ్యాప్ మళ్లీ కొలవండి. కొత్త రబ్బింగ్ బ్లాక్ క్యామ్‌కు కుదురుకునేటప్పుడు మొదట్లో కాస్త ఎక్కువే అరుగుతుంది, గ్యాప్ తగ్గి టైమింగ్ కొంచెం వెనక్కి పోతుంది. ఈసారి క్లాంప్ ముట్టుకోకుండా గ్యాప్ ఒక్కటి సరిచేస్తే టైమింగ్ దాని చోటికి అదే వస్తుంది.